నూఱేండ్ల బ్రదుకునకు సాక్ష్యమేది?

పెద్దలకు నమస్కరించిన పిల్లవానికి మన యిండ్లలో లభించు మొదటి దీవెన నూఱేండ్లు బ్రదుకుమనియే. విద్య, ధనము, సంతానము అను దీవెనలన్నియు దాని వెనుక వచ్చునవి. ఈ కోరిక మనకు క్రొత్తది కాదు. మానవుడు తన పనులను చేయుచునే నూఱేండ్లు జీవింపగోరవలెనని ఈశోపనిషత్తు సయితము బోధించినది. కోరిక ప్రాచీనమైనదే గాని, దానిని నెఱవేర్చు మార్గము మాకు తెలియునని చెప్పు గ్రంథములును, ఉపన్యాసములును, చూర్ణములును ఇటీవల మితిమీఱినవి. ఒకరు ఉప్పు విడువుమందురు, ఒకరు నూనె విడువుమందురు, ఒకరు అన్నమే విడువుమందురు. వీరందఱును తమ మార్గమునకు దృష్టాంతముగ ఎవరో యొక దీర్ఘాయువును, ఏదో యొక దూరదేశపు పల్లెను చూపుచున్నారు.

ఈ వ్యాసమునందు నా పని ఆ బోధలను పరిహసించుట కాదు. వానిలో మంచివి చాల గలవు. ఆ బోధలకు ఆధారముగ తెచ్చు సాక్ష్యము ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటయే నా యుద్దేశము. కావ్యమును విమర్శించువాడు శబ్దార్థములను తూచినట్లు ఆరోగ్యబోధను విమర్శించువాడు హేతువును తూచవలెను. కావ్యము చెడినచో చదువరికి ఒక సాయంకాలము నష్టము. ఆరోగ్యబోధ చెడినచో రక్తపు పోటుకు వేసికొనుచున్న మాత్రను మానివైచిన గృహస్థుడు ఒకనాటి యుదయమున పక్షవాతముతో పడిపోవును. ఆ యింటి పిల్లల చదువు ఆ దినముతోనే ఆగిపోవును. కావున ఈ విమర్శ వినోదార్థము కాదు.

మొదటి సాక్షి వృద్ధుడు. తొంబది దాటిన వాని యొద్దకు పోయి, తాతగారూ, తమ దీర్ఘాయువునకు కారణమేమని అడుగుదురు. ఒకాయన చల్దియన్నమనును, ఒకాయన తెల్లవారుజామున గోదావరి స్నానమనును, వేఱొకాయన లంకపొగాకు చుట్టయని నవ్వుచు చెప్పును. ఫ్రాన్సు దేశమున జాన్ కాల్మాన్ అను నామె 1997లో, 122 ఏండ్ల 164 దినముల వయసున మరణించెను. పత్రములనుబట్టి అంగీకరింపబడిన మానవాయువులలో అంతకు మించినది లేదు. ఆమె నూఱేండ్లు దాటిన పిమ్మట గూడ సిగరెట్లు కాల్చుచుండెడిది. దానినిబట్టి పొగ ఆయుష్కరమని బుద్ధిమంతుడెవడును అనడు. అట్లయినచో అదే తర్కమున చల్దియన్నమును మాత్రము ఏల అంగీకరింపవలెను? కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చెననుటను మన పూర్వులు కాకతాళీయమని పేరుపెట్టి త్రోసివైచిరి. కార్యకారణ సంబంధమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములు రెండును కావలయునని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. చల్దియన్నము తిని బ్రదికినవారెందఱు? తినియు నడివయసుననే పోయినవారెందఱు? తినక బ్రదికినవారెందఱు? తినక పోయినవారెందఱు? ఈ నాలుగు లెక్కలలో మన వృద్ధుడు ఒక్కదానికే సాక్షి. మరణించినవారిని ప్రశ్నించుటకు ఎవరును పోరు.

రెండవ సాక్షి పూర్వకాలము. మన పూర్వులు నూఱేండ్లు బ్రదికిరనియు, మనమే చెడిపోయితిమనియు వినని యిల్లు లేదు. లెక్కలు వేఱు మాట చెప్పుచున్నవి. 1911 మొదలు 1921 వఱకు గల దశాబ్దమున, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా గూడ చేరుటచే, హిందూదేశమున పుట్టిన బిడ్డకు సగటున ఆశింపదగిన ఆయువు సుమారు 20 ఏండ్లని జనసంఖ్యా శాస్త్రజ్ఞులు లెక్కించిరి. 1941 - 51 దశాబ్దమునకు అది సుమారు 32. నేడు సుమారు 70. సగటు తక్కువగుటకు పసిబిడ్డల మరణములే ముఖ్యకారణమనియు, బాల్యము దాటినవారు చాలకాలమే బ్రదికిరనియు కొందఱు సమాధానము చెప్పుదురు. ఆ మాట కొంత నిజమే. కాని పసిబిడ్డల మరణములు మరణములు కావా? అయిదుగురిని కని ముగ్గురిని పూడ్చిన తల్లి యింటిలో మిగిలిన యిద్దఱిలో ఒకడు తొంబదేండ్లు బ్రదికిన, ఆ యొక్కని చూపి ఆ కాలమంతయు ఆరోగ్యవంతమైనదని చెప్పుట, జల్లెడలో నిలిచిన గింజలనుబట్టి కళ్లములో తాలు లేదని చెప్పుట వంటిది.

ఈ తర్కదోషమునకు మన ప్రాంతమున ఒక క్రూరమైన రూపము గలదు. పూర్వము మన యిండ్లలో వితంతువులైన బామ్మలు ఒంటిపూట భోజనము చేసి, ఏకాదశులు ఉపవసించి, తొంబదేండ్లు బ్రదికిరనియు, మితాహారమే దానికి కారణమనియు నేటికిని కొందఱు సంతోషముతో చెప్పుకొనుచున్నారు. పండ్రెండవ యేటనో పదునాఱవ యేటనో ఆ నియమమున పడి, ఇరువదేండ్లు నిండకుండ క్షయతోను జ్వరముతోను పోయిన బాలవితంతువుల నెవరు లెక్కించిరి? బ్రదికిన బామ్మ వంటింట అందఱకును కనబడెను. పోయిన పిల్ల ఎవరి జ్ఞాపకమునను లేదు. మితాహారము మంచిదే కావచ్చును. దానిని వేఱు సాక్ష్యముచే నిరూపింపవచ్చును. కాని బలవంతముగ విధించిన ఆకలిని ఆరోగ్యసూత్రముగ కీర్తించుట, శిక్షను వరమని పిలుచుటయే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపిన ఊరివారము మనము. ఈ భేదము మనకు మఱి యెవరును బోధింప నక్కఱలేదు.

ఇంతకును ఆ తొంబదేండ్లు తొంబదేండ్లేనా యనునది మూడవ ప్రశ్న. పాఠశాలలో పనిచేయువారికి ఈ విషయము బాగుగ తెలియును. మా ప్రాంతపు పాత ప్రవేశ పుస్తకములను తిరుగవేసిన, సగము పిల్లలు జూను 1వ తేదీననో జూలై 1వ తేదీననో పుట్టినట్లుండును. ఆ దినములలో గ్రహబలమేమియు లేదు. తండ్రి పిల్లవాని చేయిపట్టి తెచ్చి, పెద్ద గాలివాన వచ్చిన యేడు పుట్టినాడని చెప్పగా, ఉపాధ్యాయుడు బడిలో చేర్చుటకు తగిన వయసు వచ్చునట్లు ఒక తేదీ వేసెను. ఆ తేదీయే పిదప ఉద్యోగమునకు, పింఛనుకు, కడకు మరణవార్తకును ప్రమాణమయ్యెను. జనగణనమున సున్నతోను అయిదుతోను ముగియు వయసులే ఎక్కువగ చెప్పబడుననుట ఆ శాస్త్రజ్ఞులందఱికిని తెలిసినదే. జనన మరణముల నమోదును దేశమంతటికిని ఒక్క తీరున నిర్బంధము చేసిన చట్టము 1969లో గాని రాలేదు. కావున మన పల్లెలలో నూట అయిదేండ్ల వృద్ధుని గూర్చి వార్త వచ్చినపుడు, గౌరవముతో నమస్కరింపవచ్చును గాని, ఆ సంఖ్యమీద ఒక శాస్త్రమును కట్టరాదు.

ఇది మన దేశపు దోషము మాత్రమే యనుకొనరాదు. 2010లో జపాను ప్రభుత్వము తన కుటుంబ పట్టికలను పరిశీలింపగా, నూఱేండ్లు దాటి సజీవులుగ వ్రాయబడి జాడ తెలియనివారు రెండు లక్షల ముప్పదివేలకు మించియుండిరి. టోక్యో నగరమున 111 ఏండ్ల వాడని గౌరవింపబడుచుండిన ఒకాయన దాదాపు ముప్పదేండ్లకు పూర్వమే మరణించియుండెను. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమున జననపత్రములు ప్రవేశింపగా, అక్కడ 110 ఏండ్లు దాటినవారి సంఖ్య నూటికి 69 మొదలు 82 వఱకు తగ్గినదని సాల్ న్యూమన్ అను పరిశోధకుడు 2019లో చూపెను. పత్రము వచ్చుటతో వృద్ధులు మాయమగుట విచిత్రమైన వ్యాధియే!

ఈ వెలుగున, నేడు లోకమంతట ప్రసిద్ధికెక్కిన నీలమండలముల గ్రంథమును చూతము. 2004లో మిషెల్ పులాన్, జియాన్ని పెస్ అను శాస్త్రజ్ఞులు ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపమున వృద్ధులు ఎక్కువగ నున్న పల్లెలను పటము మీద నీలిసిరాతో గుర్తించిరి. ఆ పేరును గ్రహించి డాన్ బ్యూట్నర్ అను అమెరికను రచయిత 2008లో ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధమయ్యెను. సార్డీనియా, జపానులోని ఓకినావా, కాలిఫోర్నియాలోని లోమాలిండా, కోస్టారీకాలోని నికోయా, గ్రీసులోని ఇకారియా అను అయిదు స్థలములను ఏకముగ చేర్చి, వారందఱికి సామాన్యములైన తొమ్మిది నియమములను ఆయన ఏర్పఱచెను. నడక, పొట్ట నిండకముందే లేచుట, శాకాహార ప్రాధాన్యము, బ్రదుకునకు ఒక ప్రయోజనము, బంధుమిత్రుల తోడు మొదలగునవి వానిలోనివి. సాయంకాలపు ద్రాక్షసారాయి గూడ వానిలో ఒకటి.

ఈ గ్రంథమునందలి గుణమేమనగా, అది మందులను అమ్ముటకు వ్రాసినది కాదు. అది చెప్పు నియమములలో చాలభాగము నిరపాయములు, మితవ్యయములు. దోషమేమనగా, దీర్ఘాయువులున్న చోటికి పోయి అక్కడ కనబడిన అలవాట్లను ఏఱుకొనుట, కారణమును కనుగొనుట కాజాలదు. ఆ పల్లెలలోనే అవే నియమములతో ముందుగ పోయినవారు గలరు. ప్రక్క పల్లెలో అవే నియమములుండి దీర్ఘాయువులు లేకపోవచ్చును. ద్రాక్షసారాయి ఈ విధముగనే నియమములలో దూఱినది. న్యూమన్ చేసిన ఆక్షేపణకు, తాము జననపత్రములను, చర్చి పుస్తకములను పోల్చియే వయసులను నిర్ధారించితిమని పులాన్ ప్రభృతులు బదులు చెప్పిరి. సార్డీనియా విషయమున ఆ బదులు బలమైనదే. అయినను వయసు నిజమైనంతమాత్రమున హేతువు నిజమైనట్లు కాదు.

ఆశ్చర్యమేమనగా, ఆ గ్రంథమునందలి స్థలములలో మంచి సాక్ష్యమిచ్చునవి రెండు గలవు. ఓకినావావారు పూర్వము చిలగడదుంపలు ప్రధానాహారముగ, పొలముపనితో జీవించిరి. యుద్ధానంతరమున డబ్బామాంసము, వేపుళ్లు, మోటారు బండ్లు వచ్చినవి. 2000 సంవత్సరపు లెక్కలలో ఓకినావా పురుషుల ఆయువు జపానులోని 47 మండలములలో 26వ స్థానమునకు దిగజారెను. నేల అదియే, వంశము అదియే, మాఱినది అలవాటు. ఇట్టిదే వ్యతిరేక దృష్టాంతము. ఇక లోమాలిండాలో నుండు ఎడ్వెంటిస్టు మతస్థులు పొగ త్రాగరు, మద్యము ముట్టరు; వారిలో చాలమంది శాకాహారులు. కాలిఫోర్నియాలోని ఆ మతస్థులను అదే రాష్ట్రమునందలి ఇతర శ్వేతజాతీయులతో పోల్చిచూడగా పురుషులు 7.3 ఏండ్లును, స్త్రీలు 4.4 ఏండ్లును అధికముగ జీవించుచున్నారని 2001లో ప్రకటింపబడెను. ఇక్కడ నూఱేండ్లవానిని ఎవరును వెదుకలేదు. బ్రదికినవారిని, పోయినవారిని కలిపి వేలకొలది మందిని లెక్కించిరి.

లెక్కింపు అట్లుండవలెను. ఇంగ్లండున రిచర్డు డాల్ పండితుడును ఆయన సహాయులును 1951లో 34 వేలకు పైగా పురుష వైద్యుల పొగ అలవాట్లను వ్రాసికొని, ఏబదేండ్లు వారిని వెంబడించిరి. సిగరెట్లు కాల్చువారు కాల్చనివారికంటె సగటున పదేండ్లు ముందుగ మరణించిరని 2004లో తేలెను. అరువదవ యేట మానినవారికి మూడేండ్లు, ఏబదవ యేట మానినవారికి ఆఱేండ్లు, నలుబదవ యేట మానినవారికి తొమ్మిదేండ్లు తిరిగి దక్కినవి. జెరెమీ మారిస్ అను వైద్యుడు లండను బస్సులలో దినమంతయు కూర్చుండు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని 1953లో చూపెను. ఆయన అంతటితో తృప్తిపడలేదు. డ్రైవరు పనికి స్థూలకాయులే చేరుచున్నారేమోనని శంకించి, వారికిచ్చిన దుస్తుల కొలతల పుస్తకమును తెప్పించి, డ్రైవర్ల నడుములు మొదటినుండియు పెద్దవేయని 1956లో తానే ప్రకటించెను. తన సిద్ధాంతమునకు ప్రతికూలమైన సాక్ష్యమును తానే వెదకినవాని మాటకు విలువ గలదు. పిదప వచ్చిన పరిశోధనలు వ్యాయామపు ఫలమును స్థిరపఱచినవి. మారిస్ 2009లో 99వ యేట మరణించెను. అయినను అది ఆయన సిద్ధాంతమునకు ఋజువు కాదని చదువరులు ఈపాటికి గ్రహించియే యుందురు.

ఇక మన గోదావరీ మండలమునకు వత్తము. అలవాటునకును ఆయువునకును గల సంబంధమునకు మన నేలయే యొక పాత సాక్షి. బెరిబెరి యను కాళ్లవాపు వ్యాధిని గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మద్రాసున గ్రంథము ప్రకటించినపుడు, ఆ వ్యాధికి నిలయముగ చెప్పబడినవి మన ఉత్తర సర్కారులే. పిమ్మట జావాలో ఐక్‌మాన్ పండితుడు తెల్లని బియ్యము తిన్న కోళ్లు కాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టగా కోలుకొనుటయు చూచెను. దానికై 1929లో నోబెలు బహుమానమున భాగమందెను. పచ్చి వడ్లను మరలో తెల్లగ ఆడించి తినువారిలో ఆ వ్యాధి కనబడగా, ఉప్పుడు బియ్యము తినువారు తప్పించుకొనిరి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసి, కఱవు పోయి, వరి పుష్కలమైన నేలయందు, ఆ వరినే తెల్లగ చేసికొని తిని రోగులమైతిమి. ఆహారము సమృద్ధమైనంతమాత్రమున ఆరోగ్యము రాదనుటకు ఇంతకంటె ఏమి కావలయును?

నేడు బెరిబెరి పోయినది. వేఱు వ్యాధులు వచ్చినవి. నాటి ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, ఒక లక్ష ఎనుబదివేల జనులలో, 2003 - 04 ప్రాంతమున ఒక సంవత్సరమున సంభవించిన మరణములన్నిటికిని కారణములు విచారింపబడినవి. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అను పేర జరిగిన ఈ పరిశోధన 2006లో ప్రకటితమయ్యెను. శిక్షణపొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, పోయినవాని కడపటి దినములను బంధువులవలన విని వ్రాసికొనగా, వైద్యులు దానినిబట్టి కారణమును నిర్ణయించిరి. మొత్తము 1354 మరణములలో నూటికి 32 గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసార వ్యాధులవలన. 13 గాయములు మొదలగు బాహ్యకారణములవలన. అంటువ్యాధులవలన 12 మాత్రమే. బాహ్యకారణములవలని మరణములలో మూడవవంతు ఆత్మహత్యలు. అదే ప్రాంతమున 20 గ్రామములలో ముప్పదేండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి సుమారు 13 మందికి మధుమేహముండెను. వారిలో దాదాపు సగము మందికి ఆ సంగతియే తెలియదు. గుండెపోటు పట్టణపు ధనికుల జబ్బనియు, పల్లెగాలి దివ్యౌషధమనియు పలుకువారు ఈ లెక్కలను ఒకమాఱు చూడవలెను.

ఈ మరణములకు పునాదులు మన వంటింటను, మన వీథియరుగుల మీదనే యున్నవి. ఆవకాయ, మాగాయ, అప్పడము, వడియము, ఎండుచేప: వీనిలో ఏ యొక్కటియు దోషి కాదు, అన్నియు కలిసి మనచే తినిపించు ఉప్పు దోషి. దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగా, మూత్రపరీక్షచే కొలిచిన పరిశోధనమున ఆంధ్రప్రదేశమున సగటు 9 గ్రాములు దాటినది. ఉప్పును గూర్చి చర్చ ఇక అక్కఱలేదు. చీనాదేశమున 600 గ్రామములలో 20,995 మందిని తీసికొని, సగము గ్రామములకు మామూలు ఉప్పును, సగమునకు నాలుగవవంతు పొటాషియపు ఉప్పు కలిపినదానిని ఇచ్చి, దాదాపు అయిదేండ్లు చూచిరి. ఉప్పు మార్చినవారిలో పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గెనని 2021లో ప్రకటించిరి. ఏ గ్రామమునకు ఏది యనుట చీట్లు వేసినట్లు నిర్ణయింపబడుటచే ఇక్కడ కాకతాళీయమునకు తావు లేదు. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడుగక ఆ ఉప్పును వాడరాదు.

పొగాకు మాట చెప్పనే యక్కఱలేదు. గోదావరి లంకల యొండ్రున పండిన ఆకు చుట్టలకు పేరుపొందినది. పొగాకు పరిశోధనకై 1947లో మన రాజమహేంద్రవరముననే కేంద్రసంస్థ స్థాపింపబడినది. ఉత్తరాంధ్రమున స్త్రీలు నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డచుట్టవలన అంగిలికి కలుగు పుండ్లను గూర్చి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లోనే ప్రకటించిరి. పంటవలన లాభము పొందినవారు మనవారే. నోటి పుండుతో అన్నము మింగలేక పోయినవారును మనవారే.

మన దేశమున ప్రకృతిచికిత్స పేర జరుగుచున్న బోధను గూర్చి ఒక మాట. జర్మనీ దేశపు లూయీ కూనే గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. నీటితొట్టి స్నానము, ముతకతిండి, గాలి, వెలుతురు, మితాహారము అనువానిని మన గృహములకు ఆ యుద్యమము పరిచయము చేసినది; అందులకు మనము ఋణపడియున్నాము. కాని వ్యాధులన్నియు ఒక్కటియే, శరీరమున చేరిన మలినపదార్థమే వానికెల్ల హేతువు అను కూనే సిద్ధాంతము నిలువదు. మన ప్రాంతపు బోదకాలునే చూడుడు. ఎంత సాత్త్వికాహారము తినినను, ఎన్ని స్నానములు చేసినను, మురుగుకాలువలో పుట్టిన దోమ కుట్టినచో క్రిమి దేహమున ప్రవేశించును. ఆ క్రిమికి మందు కనుగొన్నది అమెరికాలో యెల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాల. 2004 నుండి దేశమున ఇంటింట పంచిన మాత్ర అదియే.

ఆయన చరిత్రయే ఈ విషయమునకు గొప్ప వ్యాఖ్యానము. 1895లో భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదివి, సోదరులను స్ప్రూ వ్యాధి కబళింపగా వైద్యమునకు అంకితుడై, ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును తన సహాయులతో సిద్ధపఱచిన ఆయన 1948లో 53వ యేట మరణించెను. ఆయుర్దాయ గ్రంథములవారి కొలతచే ఆయనకు దొరకు మార్కులు అల్పము. అయినను ఆయన మందులు కోట్లమంది ఆయువును పెంచినవి. ఒక్కొక్కని ఆయువు ఒక్కొక్కని నియమముచే మాత్రమే ఏర్పడునను సిద్ధాంతము ఇక్కడ తలవంచవలెను. చరకుడు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అనువానిని దేహమునకు ఉపస్తంభములుగ చెప్పెను. ఆ చరకుడే జనపదముల వినాశమును గూర్చిన అధ్యాయమున, గాలి, నీరు, దేశము, కాలము చెడినచో భిన్నప్రకృతులు, భిన్నాహారములు గలవారును ఒక్కసారిగ నశింతురని చెప్పెను. ఆయువు ముందే వ్రాయబడినదను వాదమును గూడ అక్కడనే ఖండించి, దైవము, పురుషకారము రెండును దానిని నిర్ణయించునని స్థాపించెను. పురుషకారమనగా ఒక్క పురుషుని ప్రయత్నమే కానక్కఱలేదు. ఊరి ప్రయత్నము గూడ పురుషకారమే.

దీర్ఘాయు గ్రంథములలో నేను చూచిన పెద్ద కొఱత ఇదియే. నడువుమందురు, చెట్టునీడలేని, లారీలు పోవు కాలువగట్టు మీద చీకటిపడిన పిదప స్త్రీ ఎక్కడ నడువవలెనో చెప్పరు. బాగుగ నిద్రింపుమందురు, నాట్లకు తెల్లవాఱకమునుపే లేచు కూలిస్త్రీ నిద్రను గూర్చి చెప్పరు. ఆమె దినమంతయు వంగి శ్రమపడుచునే యున్నది. శ్రమయే ఆయువైనచో మన మాలపల్లెలు శతాయువులతో నిండియుండవలెను. వండిన కూరలను ముందు మగవారును పిల్లలును తిని, మిగిలిన పులుసుతో ఇల్లాలు అన్నము తిను గృహమున, సమతులాహారమను మాట ఎవరిని గూర్చి చెప్పినది? బాహ్యకారణముల మరణములలో మూడవవంతు ఆత్మహత్యలని మన గ్రామముల లెక్కయే చెప్పుచుండగా, ఏ చూర్ణము, ఏ కషాయము దానిని మాన్పును? బంధుమిత్రుల తోడు ఆయుష్కరమని విదేశపు గ్రంథము చెప్పినపుడు మనము తల యూపుదుము. కోడలి మాట వినుటకు ఇంట ఒకరైన ఉన్నారా యని అడుగము.

కావున చదువరులు ఆయువును గూర్చిన ఏ బోధను విన్నను మూడు ప్రశ్నలు వేయవలెనని నా మనవి. చెప్పిన వయసునకు పత్రమేది? ఈ నియమము పాటించియు పోయినవారిని లెక్కించితిరా? పాటించినవారిని, పాటింపనివారిని సమానులుగ చూచి పోల్చితిరా? ఈ పరీక్షకు నిలిచినవి కొన్నియే. అవి కొత్తవి కావు, వెలగలవి కావు. పొగాకు మానుట, ఉప్పు తగ్గించుట, దినమునకు అరగంటయైన నడుచుట, తెల్లబియ్యమును తగ్గించి పప్పు, ఆకుకూర, పండ్లు పెంచుట, దేహపు బరువును అదుపున నుంచుట, మద్యమును దూరముగ నుంచుట. అమెరికాలో లక్షకు మించిన జనులను దశాబ్దములకొలది వెంబడించి 2018లో ప్రకటించిన లెక్కలో, ఇట్టి అయిదు నియమములు పాటించిన స్త్రీలకు, ఏ యొక్కటియు పాటింపనివారికంటె, ఏబదవ యేటినుండి సుమారు 14 ఏండ్లును, పురుషులకు సుమారు 12 ఏండ్లును ఎక్కువ ఆయువు ఆశింపదగినదని తేలినది. అది వేఱు దేశపు లెక్కయే. అందలి మద్యనియమము గూడ నిషేధము కాదు, మితము. అయినను దారి ఏ దిక్కునకో అది చూపుచున్నది.

వీనికి తోడు ముప్పది దాటిన ప్రతివారును, ముఖ్యముగ ఇంటి స్త్రీలు, ఏటికొకమాఱు రక్తపు పోటును, చక్కెరను కొలిపించుకొనవలెను. వైద్యుడిచ్చిన మాత్రను ఉపన్యాసము విని మానరాదు. ఇల్లాలు అందఱితో కలిసి కూర్చుండి తినవలెను. పంచాయతీలో మురుగుకాలువను గూర్చి, మంచినీటిని గూర్చి గృహస్థులు నోరు తెఱువవలెను. ఇవి చేసినవారందఱును నూఱేండ్లు బ్రదుకుదురని ఎవరును హామీ ఇయ్యజాలరు. కాని ఏబదవ యేట పోవలసిన తండ్రి డెబ్బదవ యేటివఱకు ఇంట నుండుటయు, ప్రసవమున పోవలసిన తల్లి మనుమలను ఎత్తుకొనుటయు నూఱేండ్ల దీవెనకంటె తక్కువైన భాగ్యములు కావు. వానికి సాక్ష్యము గలదు.